చెవులపిల్లి మేత మానేసినప్పుడు ఆదుకున్న పొడి: ఆక్స్‌బో క్రిటికల్ కేర్

కుందేలు పెంచే ప్రతి ఇంట్లో, అవసరం పడకముందే, ఈ ప్యాకెట్ ఒకటి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఆక్స్‌బో అమెరికా కంపెనీ. వాళ్ల క్రిటికల్ కేర్ మందు కాదు, తిమోతీ అనే మేత గడ్డితో చేసిన పీచు పొడి. తమంతట తాము తినలేని కుందేళ్లకు, గినీ పందులకు దీన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి సిరంజితో పట్టిస్తారు. మా కుందేలు గవ్వ ఇవాళ గరిక కట్ట మీద పడి నములుతోందంటే, డాక్టర్ గారి చేతి చలవ ఎంతో ఈ పొడి పుణ్యమూ అంతే.

గవ్వ మేం కొన్నది కాదు. హనుమకొండలో మా అపార్ట్‌మెంట్‌ పై ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తూ, దాన్ని మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన పంజరంతో సహా వదిలేసి పోయారు. బట్టలు ఆరేయడానికి వెళ్లిన మా అత్తయ్య చూసి కిందికి తెచ్చింది. పంజరానికి అడుగు కూడా ఇనుప జాలీయే. దాని మీదే కూర్చుని కూర్చుని వెనక పాదాల బొచ్చంతా ఊడిపోయి, ఎర్రగా పుళ్లు పడ్డాయి. తోక కింద బొచ్చు మూత్రంతో తడిసి అట్టకట్టింది. గిన్నెలో ఎండిపోయిన అన్నం, వడిలిన కారెట్ ముక్కా ఉన్నాయి. అది వాటి దగ్గరికి వెళ్లి వాసన చూసి, మూతి పెట్టి, వెనక్కి వచ్చేస్తోంది. ఆకలి ఉంది, తినలేకపోతోంది.

నోరు చూస్తే తెలిసింది. కింది ముందుపళ్లు బయటికి పొడుచుకొచ్చాయి, పైవి లోపలికి వంకర తిరిగాయి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరిగి సరిగ్గా ఉంటాయి. కారెట్, బిస్కెట్, అన్నం పెట్టి పెంచితే అరగవు. పిల్లలు ముచ్చటపడ్డారని వేసవి సెలవుల్లో కొనేవాళ్లకు అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్తే ఎంత బాగుండు! సరిగ్గా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతికే ప్రాణి ఇది. పెంపుడు జంతువును ఇలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమని కూడా చాలామందికి తెలియదు.

కుందేలు తినడం మానేసిందంటే రేపు చూద్దాంలే అనుకోవడానికి లేదు. పేగుల్లోకి పీచు వెళ్తుంటేనే అవి కదులుతాయి. పది, పన్నెండు గంటలు ఏమీ తినకపోతే ఆ కదలిక మందగించి, గ్యాస్ పట్టి, నొప్పితో ఇంకా తినదు. వాంతి చేసుకునే వీలు కూడా దాని ఒంటికి లేదు. పేగులు ఇలా మందగించడాన్నే డాక్టర్లు జీఐ స్టేసిస్ అంటారు. గవ్వకు పొట్టలో ఏదైనా అడ్డం పడిందేమోనని డాక్టర్ గారు ముందు ఎక్స్‌రే తీయించారు. లేదని తేలాక మత్తిచ్చి, చిన్న మెషిన్‌తో పళ్లు అరగదీశారు. నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుందట, ఇంట్లో ఎవరూ ఆ పని చేయొద్దు. తర్వాత నొప్పికి మందు రాసిచ్చి, ఈ పొడి పట్టమన్నారు. పళ్లు సరిచేసినంత మాత్రాన ఆ పూటే తినదు, నోరంతా పుండుగా ఉంటుంది. ఆ మధ్య రోజులను దాటించడమే ఈ పొడి పని.

ఒక వంతు పొడికి రెండు వంతుల నీళ్లు కలిపి కాసేపు వదిలేస్తే పీచు ఉబ్బి జావలా తయారవుతుంది. సోంపు రకం ప్యాకెట్ విప్పగానే వంటింటి దాకా వాసన వచ్చింది. యాపిల్, అరటి రుచిలో ఇంకో రకం కూడా ఉంది. గవ్వకు సోంపే నచ్చింది. రోజుకు ఎంత పట్టాలో బరువును బట్టి ఉంటుంది కాబట్టి లెక్క డాక్టర్‌నే అడగండి. రెండు కిలోలు ఉండాల్సిన గవ్వ మా వంటింటి తూకంలో కిలోకి కాస్త పైన తూగింది.

పట్టే పద్ధతి ముఖ్యం. తువ్వాలు చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. వెల్లకిలా పడుకోబెడితే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది, సిరంజి అక్కడ పక్కనుంచి పెట్టి ఒక్కో ఎం.ఎల్. చొప్పున వదలాలి. నమిలి మింగాకే ఇంకోసారి. మొదట్లో గవ్వ తల అటూ ఇటూ విసిరేది, జావ సగం నా చీర మీదే. అత్తయ్య అందుకుంది. "అట్ల గట్టిగ ఒత్తకు బిడ్డా, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలె" అంటూ దాని గడ్డం కింద వేలితో రాసింది. అప్పుడు దవడ ఆడింది. పక్కకీ పక్కకీ, వేగంగా, మీసాలన్నీ కదిలేలా. జావే అయినా అది నమిలింది! ఆ కదలిక చూశాక నాకు టెన్షన్ కొంత తగ్గింది.

పొడి పని చేస్తోందా లేదా అన్నది పెంటికలే చెప్తాయి. మొదట ఆవగింజలంత, నల్లగా, గట్టిగా, అవీ ఒకటో రెండో. పీచు లోపలికి వెళ్తున్న కొద్దీ పెద్దవయ్యాయి. శనగలంత గుండ్రంగా, విరిస్తే లోపల గడ్డి పోగులు కనిపించేలా రావడం మొదలయ్యాక డాక్టర్ గారు పొడి తగ్గించి, ఎండుగడ్డి ముందు పెట్టమన్నారు. వినాయక చవితికి మనం తెచ్చే గరిక కూడా బాగా కడిగి పెట్టాను, అదే మొదట ముట్టింది.

ఇక ఇబ్బందులు. పీచు కాస్త ముతక కాబట్టి మామూలు సిరంజి సన్నటి మూతిలో ఇరుక్కుంటుంది. వెడల్పు మూతి సిరంజి మెడికల్ షాపులో అడిగి తీసుకోండి. సన్నటి ట్యూబుకు సరిపోయే ఫైన్ గ్రైండ్ రకం కూడా ఉంది. కలిపిన జావ ఫ్రిజ్‌లో పెట్టినా ఒక రోజుకు మించి వాడకూడదు. మన ఎండలకు బయట పెడితే గంటల్లోనే పులిసిన వాసన వస్తుంది, కాబట్టి పూట పూటకూ కొద్దికొద్దిగా కలుపుకోవడమే మేలు. ధర మన జేబుకు బరువే. అయితే ఒక్క చిన్న కుందేలుకు, కొద్ది రోజులకైతే, 141 గ్రాముల ప్యాకెట్టే చాలు.

దీని బదులు సెరిలాక్ పట్టొచ్చా, ఉగ్గు పట్టొచ్చా, పాలు పట్టొచ్చా అని నన్ను అడిగినవాళ్లున్నారు. పట్టొద్దు. పిండి పదార్థం, పాలు ఆ పేగులకు చేటు చేస్తాయి. రాత్రిపూట ప్యాకెట్ దొరక్కపోతే, కుందేళ్ల మేతగా అమ్మే పెల్లెట్లను (గుళికలను) మిక్సీలో పొడి చేసి నీళ్లలో కలిపి ఆ ఒక్క రాత్రికి గట్టెక్కవచ్చు. అందులో పీచు మరీ మెత్తగా నలిగిపోతుంది కాబట్టి రోజుల తరబడి అదే పట్టకూడదు. పొట్ట డప్పులా బిగుసుకుని ఉంటే మాత్రం ఏ జావా పట్టకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అడ్డం పడినప్పుడు మేత పట్టిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. ఆ అర కోత ధరకూ, మా ఊళ్లో ఏ షాపులోనూ దొరకనందుకూ. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఫొటో పంపమని అమ్మేవాళ్లను ముందే అడగండి. నాకు ఒకరు ఇంకో నెలలో గడువు తీరిపోయే ప్యాకెట్ పంపారు, ఫొటోలు పెట్టి గట్టిగా అడిగితేనే మార్చారు. ప్యాకెట్ విప్పాక గాలి పోకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, విప్పిన తేదీ పైన పెన్నుతో రాసుకోండి.