సిమెంట్ ఆటోక్లేవ్: గేజీ కన్నా థర్మామీటరునే నమ్ముతాను

బెంగళూరు పీణ్యలో మాది చిన్న టెస్టింగ్ ల్యాబ్. సిమెంట్ సౌండ్‌నెస్, అంటే గట్టిపడ్డాక ఉబ్బి పగలకుండా ఉంటుందా లేదా అన్నది చూడటానికి కొన్న ఆటోక్లేవ్‌ను (లోపలి నీళ్లను ఆవిరి ప్రెజర్‌లో వేడిచేసే, గట్టి మూత ఉన్న పాత్ర) కొన్నేళ్లుగా వాడుతున్నాం. సైజు, వాట్లు, స్టీలు రకం అన్నీ అమ్మేవాళ్ల కాగితంలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మూతలో థర్మామీటరు పెట్టుకునే గొట్టం గురించి. కొనేటప్పుడు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మొత్తం మెషిన్‌లో అన్నిటికన్నా విలువైనది అదే.

ఒకరోజు మధ్యాహ్నం సిమెంట్‌తో పోసిన పరీక్ష కడ్డీలు, అంటే బార్లు, లోపల పెట్టి హీటర్ వేశాం. గంట, గంటంపావులో 21 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ప్రెజర్ రావాలి. ప్రెజర్ గేజీ ముల్లు 19 దగ్గర ఆగిపోయింది. "అన్నా, ముల్లు ఆడనే నిలబడింది, వోల్టేజీ తక్కువొస్తోందేమో" అన్నాడు మా తాడిపత్రి కుర్రాడు. మా షెడ్డులో అది మామూలే కాబట్టి నిజమే అనిపించింది. కానీ థర్మామీటరు 222 డిగ్రీలు చూపిస్తోంది. లోపల నీళ్లు, ఆవిరి రెండూ ఉన్నంతసేపు వేడికీ ప్రెజర్‌కీ లెక్క తప్పదు. 21 కేజీలకు ఉండాల్సింది సుమారు 216 డిగ్రీలు. 222 ఉందంటే లోపల 23 దాటిపోయింది. హీటర్‌ను దానంతటదే ఆపే కటాఫ్ పనిచేసేది ముల్లును బట్టే. అది 21కి చేరలేదు కాబట్టి హీటర్ ఆగలేదు. వెంటనే మెయిన్ ఆపేసి అందర్నీ గది బయటికి పంపేశాను. వెంట్ వాల్వ్‌ను ముట్టుకోకుండా దానంతటది చల్లారేదాకా ఆగాం. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు విప్పి చూస్తే గేజీ కింది వంపు పైపు తెల్లటి గారతో దాదాపు మూసుకుపోయింది. బోరు నీళ్ల గార కొంత, బార్ల నుంచి దిగిన సున్నం కొంత. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయం, పైపును నెలనెలా విప్పి కడుగుతాం. బార్లు మాత్రం పనికిరాకుండా పోయాయి. మళ్లీ పోసి, 24 గంటలు తేమలో ఉంచి, మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, సౌండ్‌నెస్‌కే వాడే ఇంకో చిన్న పరికరం లీ షాటెలియే అచ్చులో ముఖ్యంగా బయటపడేది సిమెంట్‌లో మిగిలిపోయిన సున్నం వల్ల వచ్చే ఉబ్బే. సిమెంట్‌లోని మెగ్నీషియా నీటితో కలిసి ఉబ్బడానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి గోడ కట్టడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆ ఉబ్బును 21 కేజీల దగ్గర మూడు గంటలు ఉంచి చూపించేది ఆటోక్లేవే. 250 మిల్లీమీటర్ల బారు 0.8 శాతం, అంటే 2 మిల్లీమీటర్లు మించి సాగకూడదు. అంత సన్నటి తేడా మీద తీర్పు చెప్పేటప్పుడు ప్రెజర్ తక్కువైతే చెడ్డ సిమెంట్ పాసైపోవచ్చు, ఎక్కువైతే మంచిది ఫెయిలవ్వచ్చు.

కొత్తలో ఆటోమేటిక్ కటాఫ్ గురించి తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. పైపు శుభ్రంగా ఉన్నంతకాలం అది బాగానే పనిచేస్తుంది, మూడు గంటలూ ముల్లును కదలనివ్వదు. ఆ మూడు గంటలూ గదిలో ఒక మనిషి ఉండి థర్మామీటరు చూస్తూ ఉండాలన్నది ఇప్పుడు మా ల్యాబ్ నియమం.

బెంగళూరు వాళ్లకు ఇంకో మాట. బార్లను బయటికి తీయగానే 90 డిగ్రీలకు పైనున్న నీళ్లలో వేయాలి. ఈ ఎత్తులో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, అందుకే గిన్నెను స్టవ్ మీద నుంచి ముందే దించిపెట్టుకోకూడదు. చెన్నైలో చేసే మా స్నేహితులకు ఈ ఇబ్బంది ఇంత ఉండదు.

మాకు వారానికి కొద్ది శాంపిళ్లే వస్తాయి కాబట్టి ఈ మెషిన్ సరిపోయింది, మళ్లీ కొనాల్సి వచ్చినా బహుశా ఇదే కొంటాను. రోజూ నడిపే ఫ్యాక్టరీ ల్యాబ్ అయితే గేజీతో సంబంధం లేకుండా వేడిని బట్టి హీటర్ ఆపే రెండో కటాఫ్ ఉందా అని అడగండి. మా దాంట్లో అది లేదు.