స్టెంటా, బైపాసా, మొలిచే రక్తనాళమా?

మామయ్య ఫోనులో ఒక వీడియో పెట్టి నా ముందుకు తోశాడు. గుండెపోటు వచ్చినవారికి ఇంజెక్షనుతో కొత్త రక్తనాళాలు మొలిపిస్తారట, ఛాతీ కోయనక్కర్లేదట. ఆయనకు రెండు నెలల క్రితమే పోటు వచ్చింది. అనంతపురంలో గడ్డ కరిగించే మందు వేస్తే ప్రాణం నిలిచింది. తర్వాత యాంజియోగ్రాం తీస్తే మూడు నాళాల్లో పూడికలు. పైగా పదిహేనేళ్ల షుగరు. డాక్టరు బైపాస్ అన్నారు, అంటే ఛాతీ కోసి, పూడిక దాటి రక్తం పోయేలా మరో నాళం కలపడం. బంధువులు స్టెంటు చాలన్నారు, అంటే పూడిన నాళంలో తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం పెట్టడం. మామయ్యకు వీడియో నచ్చింది.

స్టెంటుకూ బైపాస్‌కూ మధ్య తగవు చాలావరకు తేలినదే. పోటు వచ్చిన గంటల్లో మూసుకున్న నాళం తెరవాలంటే స్టెంటే మేలు. షుగరు ఉండి, ఒకటికి మించి నాళాలు పూడితే లెక్క మారుతుంది. 2012లో వెలువడిన ఫ్రీడమ్ పరిశోధనలో ఇలాంటివారినే 1,900 మందిని తీసుకున్నారు. ఐదేళ్లలో మరణమో, గుండెపోటో, పక్షవాతమో ఎదురైనవారు స్టెంటు వర్గంలో 26.6 శాతం, బైపాస్ వర్గంలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటి మాత్రం బైపాస్ వారికే ఎక్కువ వచ్చింది.

ఇక వీడియో సంగతి. అది ఉత్త కట్టుకథ కాదు. నాళం మెల్లమెల్లగా పూడుతుంటే గుండె తానే పక్కదారులు పెంచుకుంటుంది. నాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీనును బయటినుంచి ఇస్తే ఆ పని వేగంగా జరుగుతుందని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. 178 మందిపై జరిగిన వీవా పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. 60 రోజుల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే, మందు లేని ద్రావణం ఎక్కించుకున్నవారు కూడా దాదాపు అంతే మెరుగయ్యారు!

"ఎందుకు పనిచేయలేదు నాయనా?" అన్నాడు మామయ్య. గార్లదిన్నె దగ్గర ఆయనకు చీనీ తోట ఉంది కాబట్టి నాకు చెప్పడం తేలికైంది. మోటారు దగ్గరి మెయిన్ పైపు పూడిపోతే, చెట్ల కింద సన్నటి డ్రిప్ పైపులు కొత్తగా ఎన్ని పరిస్తే ఏం లాభం? వీఈజీఎఫ్ ముఖ్యంగా మొలిపించేది వెంట్రుకకన్నా సన్నని నాళాలనే. అవీ కారుతుంటాయి. రక్తంలోకి ఎక్కిస్తే ఆ ప్రొటీను ఎక్కువసేపు నిలవదు కూడా. ఎండి కట్టె అయిన చెట్టుకు నీళ్లు పెట్టినా చిగురించనట్టే, పోటులో చచ్చి మచ్చగా మారిన కండ కొత్త నాళాలతో తిరిగి రాదు. ఆ మచ్చ అంచున రక్తం చాలక వాడి ఉన్న కండకే ఆశ.

మామయ్యకు నెలనెలా కంట్లో ఇంజెక్షను వేస్తున్నారు. షుగరు వల్ల కంటి వెనుక పొర రెటీనా మీద పిచ్చిగా మొలిచిన నాళాలు రక్తం కారుస్తున్నాయి. వాటిని పెరగనీయకుండా ఆ మందు అడ్డుకునేది వీఈజీఎఫ్‌నే. గుండెలో పోయించుకుందామని ఆయన ముచ్చటపడుతున్న దాన్నే కంట్లో ఆపడానికి డబ్బు కడుతున్నాడన్నమాట. ఈ మాట చెప్పాక వీడియో ఆపేశాడు.

ప్రయత్నాలు ఆగలేదు. ప్రొటీనుకు బదులు, దాన్ని గుండె కండే తయారుచేసుకునేలా ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీను తయారీ సూచనలు మోసే అణువు, ఇచ్చిన ఒక చిన్న పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 11 మందిలో ఏడుగురికి అసలు మందు పడింది, దానివల్ల పెద్ద ప్రమాదమేమీ కనబడలేదు. పనిచేసిందని చెప్పడానికి ఆ సంఖ్య చాలదు. ఇంకో సంగతి, ఆ మందు పొడిచింది బైపాస్ చేస్తుండగానే. ఛాతీ కోత తప్పలేదు.

నా ఓటు బైపాస్‌కే వేశాను. పుట్టపర్తి ఆసుపత్రిలో చూపించడానికి వెళ్లాం. కాలినుంచి తీసే సిరలు పదేళ్లలో సగం దాకా పూడవచ్చనీ, ఛాతీ లోపలి ధమనిని కలిపితే అంతకన్నా ఎక్కువకాలం తెరిచి ఉంటుందనీ తెలిశాక మామయ్య బేరం మొదలుపెట్టాడు: "అయితే మూడింటికీ ఛాతీదే వేయమనవయ్యా."