ఫుల్ పవరా, రెడ్యూస్డ్ రీకాయిలా?

అమెరికాలో ఇంటి రక్షణకని 12 గేజ్ షాట్‌గన్ కొన్నవాళ్లకు మొదటి దెబ్బ తమ భుజానికే తగులుతుంది, పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే ఆ దెబ్బే రీకాయిల్. మామూలు (ఫుల్ పవర్) డబుల్ ఆట్ బక్‌షాట్‌లో, అంటే పెద్ద సీసపు గుండ్లున్న తూటాలో, 9 గుండ్లు సెకనుకు సుమారు 1,325 అడుగుల వేగంతో వెళ్తాయి. రెడ్యూస్డ్ రీకాయిల్ రకంలో ఆ వేగం 1,145 దగ్గర ఉంటుంది. గది దూరంలో ఈ తేడా పెద్ద లెక్కలోది కాదు. భుజానికి మాత్రం బాగా తెలుస్తుంది, రెండో షాట్‌కి గురి త్వరగా కుదురుతుంది.

ఫుల్ పవర్‌కి మొగ్గు ఒక్కచోటే. పేలుడు బలంతోనే తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ తుపాకులు కొన్నింటిలో తక్కువ రీకాయిల్ తూటా పేలాక ఖాళీ షెల్ బయటపడక ఇరుక్కుంటుంది. పంప్ యాక్షన్‌లో ఆ టెన్షన్ లేదు, చేత్తో లాగేదే కదా! నేనైతే పంప్‌కి రెడ్యూస్డే తీసుకుంటాను. సెమీ ఆటో అయితే షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూశాకే. అన్నట్టు, అమెరికా ఇళ్ల జిప్సమ్ బోర్డు గోడల్లోంచి రెండూ దూసుకుపోతాయి.