టర్నోవర్‌బాల్ గూస్‌నెక్ హిచ్: కొనండి, కానీ బెడ్ కింద వదిలేసి మరిచిపోకండి

పికప్‌కి గూస్‌నెక్ హిచ్ (బరువైన ట్రైలర్ లాగడానికి ట్రక్ బెడ్ మధ్యలో, అంటే వెనక సామాను పెట్టే తొట్టిలో, బిగించే బాల్ అమరిక) ఏది పెట్టించుకోవాలి అని ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు బీ అండ్ డబ్ల్యూ వాళ్ల టర్నోవర్‌బాల్. ట్రైలర్ లేని రోజుల్లో బాల్‌ని పైకి తీసి, తలకిందులు చేసి, మళ్లీ అదే సాకెట్‌లో దించేయొచ్చు. అప్పుడు బెడ్ దాదాపు చదునుగా ఉంటుంది, ప్లైవుడ్ వేసుకున్నా పెట్టెలు తోసినా అడ్డు తగలదు, బాల్‌ని విడిగా దాచుకుని అవసరమైనప్పుడు వెతుక్కునే పనీ ఉండదు. బాల్ కింది భాగం గుండ్రంగా కాకుండా నలుపలకలుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో కప్లర్ (బాల్‌ని పట్టుకునే ట్రైలర్ భాగం) తిరిగినా బాల్ సాకెట్‌లో తిరగదు, అందువల్ల లోపల అరుగుదల తక్కువ. విడిపించే హ్యాండిల్ డ్రైవర్ వైపు వెనక చక్రం గూడులోనే ఉంటుంది, బండి కింద దూరనక్కర్లేదు. నాకు ఈ ఒక్క సౌకర్యం చాలు.

ఇక బరువు సంగతి. దీని రేటింగ్ చాలా మోడళ్లలో 30,000 పౌండ్లు, బాల్ మీద నిలువుగా పడే బరువు 7,500 పౌండ్లు. చాలామంది ఈ అంకె చూసి మన బండి 30,000 లాగుతుంది అనుకుంటారు, అది హిచ్ సామర్థ్యం మాత్రమే, బండిది కాదు. హిచ్, బాల్, కప్లర్, చైన్లు, టైర్లు, యాక్సిల్, ట్రక్ వీటన్నిటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. గూస్‌నెక్‌లో మొత్తం ట్రైలర్ బరువులో సుమారు 20 నుంచి 25 శాతం నేరుగా ట్రక్ బెడ్ మీదే పడుతుంది. 20,000 పౌండ్ల ట్రైలర్ అంటే కనీసం 4,000 పౌండ్లు బెడ్ మీద ఉన్నట్టు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో పేలోడ్, అంటే బండి మోయగల బరువు, 3,800 పౌండ్లు అని ఉంటే మనుషులు ఎక్కకముందే లెక్క దాటిపోయింది! కాబట్టి లోడ్ చేశాక ఒకసారి వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లి ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు విడివిడిగా తూకం వేయించండి. అంచనాతో లాగడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే మన అంచనా తప్పితే నష్టపోయేది మనం ఒక్కళ్లమే కాదు, పక్క లేన్‌లో వెళ్లేవాళ్లు కూడా.

ఈ హిచ్‌కి ఉన్న ఇబ్బంది ఒకటే, బెడ్ కింద ఉండే హిచ్‌లన్నిటికీ ఇది ఉంటుంది. కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సాకెట్‌లోకి మట్టి, గడ్డి, వాన నీళ్లు, రోడ్డు మీద చల్లిన ఉప్పు అన్నీ చేరతాయి, చలి ఎక్కువ ఉన్న చోట నీళ్లు గడ్డకడితే బాల్ పైకి రాకుండా మొండికేస్తుంది. అందుకే వాడినా వాడకపోయినా అప్పుడప్పుడూ బాల్ బయటికి తీయాలి, సాకెట్ లోపల గుడ్డతో తుడవాలి, నీళ్లు కారిపోయే దారి మూసుకుపోలేదని చూడాలి, బాల్ కింది భాగానికి, దాన్ని సాకెట్‌లో పట్టి ఉంచే లాచ్ పిన్‌కి పల్చగా గ్రీజు పూయాలి. హ్యాండిల్‌ని లాగి వదిలితే స్ప్రింగ్ పిన్‌ని పూర్తిగా లోపలికి నెట్టాలి, మధ్యలో ఆగిందంటే అది ట్రైలర్ తగిలించే రోజు కాదు, ముందు శుభ్రం చేసుకోవాల్సిన రోజు. బాల్ పైభాగం మీద పాత గ్రీజు ఇసుకతో కలిసి ఉంటే దాని మీదే కొత్తది రాయకండి, ఆ ఇసుక గరుకు కాగితంలా బాల్‌నీ కప్లర్‌నీ అరగదీస్తుంది. పాతది పూర్తిగా తుడిచి కొత్తది రాయండి.

ఇప్పుడు బాల్ వ్యాసం. గూస్‌నెక్‌కి మామూలుగా వాడేది 2-5/16 అంగుళాల బాల్, అంటే సుమారు 58.7 మిల్లీమీటర్లు. కాలిపర్‌తో రెండు మూడు వైపుల నుంచి కొలవండి, ఒక పక్క చదునుగా అరిగినా, గాట్లు పడినా మార్చేయడమే. ఫ్రేమ్‌కి పట్టిన బోల్టులు టార్క్ రెంచ్‌తో చూడాలి, ముఖ్యంగా బిగించిన కొత్తలో మొదటి బరువైన ప్రయాణం తర్వాత, ఆపైన క్రమం తప్పకుండా. ఎంత టార్క్ అన్నది మీ బండి మోడల్‌కి వచ్చిన కాగితంలో ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసినవాళ్ల దగ్గర ఆ కాగితం అడిగి తీసుకోండి.

తగిలించేటప్పుడు నేను తప్పక చూసేవి కొన్ని ఉన్నాయి. కప్లర్ లాక్ అయ్యాక జాక్‌తో కొద్దిగా పైకి లేపితే ట్రక్ వెనక భాగం కూడా దానితో పాటు లేవాలి, లేవకపోతే బాల్‌ని పట్టుకోలేదన్నమాట. చైన్లు మలుపు తిరగడానికి సరిపడా వదులుగా ఉండాలి, నేలకు రాసుకోకూడదు, మెలితిప్పి పొట్టి చేయకూడదు. బ్రేక్‌అవే స్విచ్ తీగను చైన్ కొక్కేనికి కాకుండా విడిగా ట్రక్‌కి తగిలించాలి, ట్రైలర్ ఊడితే బ్రేకులు వేసేది అదే, కాబట్టి దాని బ్యాటరీ చార్జ్ ఉందో లేదో కూడా చూడాలి. ట్రైలర్ మెడకీ బెడ్ పక్క గోడలకీ మధ్య దాదాపు 6 అంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే గుంటల్లో బెడ్ నలిగిపోతుంది.

నడపడం గురించి ఎక్కువ చెప్పను. బరువు వెనక యాక్సిల్ మీదకే వస్తుంది కాబట్టి బంపర్ హిచ్ కంటే గూస్‌నెక్ చాలా స్థిరంగా ఉంటుంది, ఊగడం తక్కువ. ఆ ధైర్యంతోనే కొందరు వేగం పెంచేస్తారు, కానీ ఆపడానికి పట్టే దూరం తగ్గదు కదా. ఊగడం మొదలైతే ట్రక్ బ్రేక్ గట్టిగా తొక్కకండి, యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా తీసి, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్‌లోని చేతి లివర్‌తో ట్రైలర్ బ్రేకులు మాత్రం వేయండి. దిగుడు రోడ్డులో ముందే చిన్న గేరులో పెట్టుకోండి, బ్రేకులు వేడెక్కాక గేరు మార్చడం ఆలస్యమే. మలుపుల్లో గూస్‌నెక్ బాగా లోపలికి కోసుకుంటూ వస్తుంది, వెడల్పుగా తిప్పండి. బయల్దేరాక మొదటి ఆగింపులో చక్రం నట్లు, హబ్‌ల వేడి చూసుకోండి, మిగతా వాటికంటే ఒకటి ఎక్కువ వేడిగా ఉందంటే అక్కడ బేరింగో బ్రేకో పాడైనట్టే.

ఎవరికి సరిపోతుంది? పికప్ బెడ్‌ని సామానుకీ, గూస్‌నెక్‌కీ రెండిటికీ వాడేవాళ్లకి ఇంతకంటే మంచిది నేను చూడలేదు. ట్రైలర్ ఎప్పుడూ తగిలించే ఉంచేవాళ్లకి మాత్రం బాల్ తిప్పే సౌకర్యం అంతగా పనికిరాదు, బెడ్ పైన పట్టే సాదా హిచ్ చాలు. ఇన్‌స్టాల్ చేయడానికి బెడ్‌లో 4 అంగుళాల రంధ్రం ఒకటి, చైన్ల యూ-బోల్టులకి చిన్నవి కొన్ని వేయాలి, కొలతలు రెండుసార్లు సరిచూసుకుని వేసే మనిషి దొరికితేనే చేయించండి. చేయించాక బాల్ తీసి, తిప్పి, పెట్టడం అక్కడే మీ చేతులతో ఒకసారి చేసి చూడండి, హ్యాండిల్ ఎక్కడైనా పట్టేస్తుంటే అక్కడికక్కడే సరిచేయించుకోవచ్చు.