14 నెలల తెల్లకొనల గోళ్ళు, రీఫిల్ దగ్గరొచ్చిన తంటా

యాక్రిలిక్ గోళ్ళు, అదే సొంత గోరు మీద పౌడర్‌తో కట్టే పెట్టుడు గోళ్ళు, పెట్టించుకోవడం గురించి బోలెడు వీడియోలున్నాయి కాబట్టి అదంతా వదిలేస్తున్నానండి. నా గొడవంతా రీఫిల్ గురించే, అందులోనూ తెల్లకొనలకి, అంటే గోరంతా పింక్, కొన మాత్రం తెల్లగా ఉండేవాటికి చేసే రీఫిల్.

మాది పాలకొల్లు, పార్లర్ భీమవరంలో. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కదా, మూడు వారాలకి గోరు మొదలు దగ్గర సందు కనపడగానే వెళ్తే ఆ అమ్మాయి అంచు అరగదీసి, సందులో పింక్ పౌడర్ నింపి, ముందు కాస్త ఫైల్ చేసి పంపేసేది. గంటలో పనైపోయేది. అబ్బ ఎంత ఈజీనో అని మా తోడికోడలికి కూడా ఎక్కించాను. మూడో రీఫిల్‌కి చూస్తే తెలుపు పంచె అంచంత మిగిలింది. పింకూ తెలుపూ కలిసే గీత గోరుతో పాటు ముందుకి జరిగిపోతుంటే, కొన ఫైల్ చేసినప్పుడల్లా తెలుపే తగ్గుతోందన్నమాట. సరే పొడవు తగ్గించకు అన్నాను, అదే నా కొంప ముంచింది.

సఖినేటిపల్లిలో మా పెద్దమ్మ వాళ్ళింటికెళ్దామని నర్సాపురం రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడ్డాను. పర్సు కోసం స్కూటీ సీటు ఎత్తబోతే కుడి బొటనవేలి గోరు టప్‌మని అడ్డంగా విరిగింది, పైన యాక్రిలిక్ ఒక్కటే అయితే బానే ఉండును, కింద నా సొంత గోరు కూడా చర్మం దాకా చీలిపోయి రక్తం. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే పక్కనున్న చేపల తట్ట మామ్మ వేలు పట్టుకుని చూసి, "ఆయ్, పెట్టుడు గోరా! నీదే అనుకున్నాను కదమ్మా" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. చున్నీ కొన చుట్టుకుని గోదారి దాటాను.

ఎందుకిలా అయ్యిందో తర్వాత రాజమండ్రిలో ఇంకో అమ్మాయి చెప్పింది. గోరు మధ్యలో కాస్త ఎత్తుగా కడతారు, దెబ్బ ఆపేది ఆ ఎత్తే, గోరు పెరిగేకొద్దీ అదీ కొనవైపు జరిగిపోయి వెనకంతా పలచనవుతుంది. ఉత్త సందు పూడిస్తే చాలదు, మొత్తం పలచగా అరగదీసి ఎత్తుని మళ్ళీ వెనక్కి కట్టాలి, తెల్లగీత ఉండాల్సిన చోట పంటకాలవ తవ్వినట్టు తవ్వి తెల్ల పౌడర్ కొత్తగా వెయ్యాలి. బ్యాక్‌ఫిల్ అంటారట. మరి భీమవరంలో నాకు మూడుసార్లు చేసిందేంటి?

ఒక్కటి మాత్రం భలే జరిగింది. ఆవకాయ కలిపిన రోజు తెల్లకొనలన్నీ పసుప్పచ్చగా అయిపోయాయి. సబ్బుతో తోమినా పోలేదు, అసిటోన్ పెడితే గోరే మెత్తబడుతుంది, ఇక అయిపోయిందనుకున్నా. మర్నాడూ ఆ మర్నాడూ వడియాలకి కాపలాగా డాబా మీద ఎండలో కూర్చున్నాను, రెండో సాయంత్రానికి మరక చాలావరకు వెలిసిపోయింది. బట్టల మీద పసుపు మరకకి అమ్మ చేసేది ఇదే కదా!

మూడు వారాలన్నాను గానీ వానాకాలంలో రెండు వారాలకే పెచ్చులేస్తున్నాయండి. లేచిన చోట గ్లూ వేసి నొక్కెయ్యకండి, లోపల తడి ఉండిపోయి బ్యాక్టీరియా చేరి గోరు ఆకుపచ్చగా అవుతుంది. కొబ్బరినూనె రాసుకోండి, రీఫిల్‌కి వెళ్ళే రోజు మాత్రం వద్దు, జిడ్డుంటే పౌడర్ పట్టదు.

నాది కంప్యూటర్ ముందు పని, అంట్లకి పనమ్మాయి ఉంది, కాబట్టి నాకు నడుస్తోంది. మా అత్తయ్యగారిలా లేసు అల్లేవాళ్ళకి మాత్రం కష్టమే, నేనోసారి పక్కన కూర్చుంటే రెండు నిమిషాల్లో సూది లాగేసుకున్నారు. శ్రావణంలో చెల్లి పెళ్ళి దాకా ఉంచుతాను, ప్రతి మూడోసారీ బ్యాక్‌ఫిల్ కోసం రాజమండ్రి బస్సెక్కాల్సొచ్చినా సరే. బొటనవేళ్ళకి మాత్రం పెట్టించట్లేదు, స్కూటీ సీటు ఎత్తేది వాటితోనే మరి.