నల్లగొండ నుంచి అలంపూర్ దాకా: పడుకోబెట్టి బట్టలు మార్చే చోటు ఎక్కడుంది?

కూర్చోలేని అక్క కొడుకును వీల్‌చైర్‌లో తీసుకుని అక్క, బావలతో కలిసి అలంపూర్ గుళ్ల దర్శనానికి వెళ్లాం. ఆ దారిలో మేం దిగిన లాడ్జి సంగతి ముందు చెప్పాలి. ఆ దారిన పోయే ఇంకో కుటుంబం అలాంటి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకూడదు.

ఫోన్‌లో "వీల్‌చైర్ బాత్రూం ఉంది సార్, గ్రౌండ్ ఫ్లోరే" అన్నారు. మామూలు గది 1,400, ఈ గది 2,200. అడ్వాన్సు ముందే వేయించుకున్నారు. తీరా వెళ్తే బాత్రూం తలుపు చౌకట్టు పోను 24 అంగుళాలు, మా కుర్చీ 25. గడప దగ్గర నాలుగంగుళాల మెట్టు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి ఒకవేళ కుర్చీ పట్టినా తలుపు మూయలేం. కమోడ్ పక్కన స్టీలు కడ్డీ ఉంది. బావ పట్టుకుని గుంజితే ప్లాస్టిక్ గిట్టీతో సహా ఊడొచ్చింది. టైలు మీద రెండు స్క్రూలు బిగిస్తే మనిషి బరువు ఆగదు. గోడ అవతల ప్లేటు పెట్టి బోల్టు బిగించాలి. కడ్డీకీ గోడకూ మధ్య 50 మిల్లీమీటర్ల సందు వదలాలి, లేకపోతే వేళ్లు ఇరుక్కుంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మాకు పనికొచ్చేది కాదు. అక్క కొడుక్కి 19 ఏళ్లు, 52 కిలోలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి). నడుము నిలవదు, కమోడ్ మీద కూర్చోలేడు. డైపర్ మార్చాలంటే పడుకోబెట్టాలి. ఆ రాత్రి తడి నేల మీద రెండు దుప్పట్లు పరిచి మార్చాం. కిందికి దించడం ఒక ఎత్తు, లేపడం ఇంకో ఎత్తు. నేల మీంచి ఎత్తేటప్పుడు వంగిన నడుము మీదే బరువంతా పడుతుంది. ఇలాంటి పిల్లల తల్లులకు నడుము నొప్పి ఊరికే రాదు. బావ మేనేజర్‌తో కొట్లాడితే 500 వెనక్కిచ్చారు. అక్క అన్నం ముట్టలేదు.

అంతకుముందు దేవరకొండ దాకా రోడ్డు బాగుంది, డిండి ప్రాజెక్టు కట్ట మీద గాలి బాగుంది. వ్యాను కిలోమీటరుకు 18 రూపాయలు, డ్రైవర్ బత్తా 500, పేచీ లేదు. దారిలో ఒక బస్టాండులో వీల్‌చైర్ బొమ్మ ఉన్న గదికి తాళం. "చెవి సూపర్‌వైజర్ తానుందన్నా, ఎవరొస్తరని తెరుస్తం" అన్నాడు అక్కడి మనిషి. కిటికీలోంచి చూస్తే చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు. ఎవరూ రాకపోవడమేమిటి? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. తాగే నీళ్లు మారాయి, బిగుసుకున్న ఎముకలు మాత్రం మళ్లీ వంగవు. తాళం చూసి చూసి వాళ్లు బస్సెక్కడమే మానేస్తున్నారు.

ఈ ప్రయాణంలో మనసు నిండింది ఒక్కచోటే. డిండి దాటాక ఒక ఊళ్లో సర్కారు దవాఖాన కనబడితే, అక్క లోపలికి వెళ్లి మొహమాటంగా అడిగింది. నర్సు "టేబుల్ ఖాళీగనే ఉందక్కా, తీస్కరండి" అంటూ తెర లాగింది, బకెట్టులో గోరువెచ్చని నీళ్లు పట్టుకొచ్చింది. రోగుల్ని చూసే ఆ బల్ల ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నడుమెత్తు. పది నిమిషాల్లో పనైపోయింది, ఎవరి నడుమూ పట్టలేదు. డబ్బిస్తే తీసుకోలేదు. మీ దారిలో ఏ సదుపాయం లేకపోతే లాడ్జి వెతక్కండి, దవాఖాన వెతకండి.

సర్కారు ఇంజనీర్లకూ కాంట్రాక్టర్లకూ చెప్పాల్సింది ఇక్కడే ఉంది. 1:12 ర్యాంపు (పన్నెండడుగుల పొడవుకు ఒకడుగు ఎత్తు), 900 మిల్లీమీటర్ల తలుపు, కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు, 450 నుంచి 480 ఎత్తున కమోడ్: ఇవి తనంతట తాను కూర్చోగలిగిన మనిషికి. కూర్చోలేని మనిషికి గదే వేరు. బ్రిటన్‌లో దాన్ని ఛేంజింగ్ ప్లేసెస్ అంటారు. 4 మీటర్లు, 3 మీటర్ల గది, ఎత్తు 2.4 మీటర్లు. పెద్దవాళ్లు పడుకునేలా కనీసం 1800 మిల్లీమీటర్ల పొడవున ఎత్తు మార్చుకునే బల్ల, సీలింగ్‌కు పట్టాల మీద నడిచే హాయిస్ట్ (మనిషిని గుడ్డ ఉయ్యాల్లో ఎత్తి బల్ల మీదికి చేర్చే యంత్రం), ఇద్దరు సాయం పట్టేలా కమోడ్‌కు రెండు వైపులా మీటరు ఖాళీ, ఒక తెర. ఇంగ్లండ్‌లో 2021 జనవరి నుంచి కొన్ని రకాల పెద్ద కొత్త భవనాల్లో ఇది తప్పనిసరి. మనకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. బహిరంగ స్థలాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని రాజీవ్ రాటూరి వేసిన కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఆ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని చెప్పింది.

సీలింగ్ హాయిస్ట్‌కు నిధులు లేవంటే చక్రాల హాయిస్ట్ పెట్టొచ్చు. అప్పుడు మాత్రం బల్లను ఇటుకలతో అరుగులా కట్టొద్దు. హాయిస్ట్ కాళ్లు బల్ల కిందికి దూరాలి, లేకపోతే మనిషి బల్ల అంచు దాకా వచ్చి గాల్లో ఆగిపోతాడు. హ్యాండిల్ తిప్పితే మంచమంతా పైకీ కిందికీ కదిలే ఆస్పత్రి మంచం చాలా నయం: కుర్చీ మీంచి మార్చేటప్పుడు దించొచ్చు, శుభ్రం చేసేటప్పుడు లేపొచ్చు. హ్యాండ్ షవర్ పైపు బల్ల చివరి దాకా అందాలి. నీళ్లు పోయే జాలీ గోడ వైపు పెట్టి నేల వాటం అటే ఇవ్వాలి, నున్నటి టైల్స్ వద్దే వద్దు. డైపర్లకు మూత డబ్బా పెట్టి రోజూ ఖాళీ చేయించాలి. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోయినప్పుడు చీకట్లోనే మార్చాల్సి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ద్వారం. కొడుకును తీసుకెళ్లే తల్లికి మగవాళ్ల వైపు పోవడం కుదరదు, కూతుర్ని తీసుకెళ్లే తండ్రి ఆడవాళ్ల వైపు పోలేడు. కాబట్టి గదికి బయటి నుంచి విడిగా తలుపుండాలి, తాళంచెవి ఇరవై నాలుగ్గంటలూ అక్కడుండే మనిషి దగ్గరే ఉండాలి.

అలంపూర్‌లో దర్శనం ప్రశాంతంగా అయింది. చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల రాతి గడపలు మార్చమని ఎవరమూ అడగం. యాత్రికులు బండ్లు దిగే ఏ చోటైనా పన్నెండు చదరపు మీటర్ల గది ఒకటి దొరక్కపోదు.

గది బుక్ చేసేవాళ్లు "వీల్‌చైర్ బాత్రూం ఉందా" అని అడక్కండి, అందరూ ఉందనే అంటారు. తలుపు చౌకట్టుకు అడ్డంగా టేపు పట్టి ఫోటో పంపమనండి, గడప దగ్గర మెట్టు ఫోటో ఇంకొకటి. చక్రాల హాయిస్ట్ వెంట తెచ్చుకునేవాళ్లయితే, దాని కాళ్లు దూరడానికి మంచం కింద ఖాళీ ఉందా, పెట్టె మంచమా అడగండి. ఫోటో పంపని చోట అడ్వాన్సు వేయకండి.