కుడి గుండె వాల్వ్‌కి ఇన్ఫెక్షన్: మందులా, ఆపరేషనా?

చిన్నప్పుడు 'టెట్రాలజీ ఆఫ్ ఫాలో' అనే పుట్టుకతో వచ్చే గుండె లోపానికి సర్జరీ అయి, పెద్దయ్యాక పల్మనరీ వాల్వ్ (కుడి గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారిలోని వాల్వ్) మార్పించుకున్నవాళ్లకి జ్వరం తగ్గకపోతే ముందు అనుమానించాల్సింది ఆ వాల్వ్‌నే. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగేస్తే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షలో) క్రిమి దొరక్కపోవచ్చు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు.

మొదటి దారి మందులు. నరం ద్వారా యాంటీబయాటిక్, మామూలుగా 4 నుంచి 6 వారాలు. కృత్రిమ వాల్వ్ అయితే కనీసం 6. కుడివైపు ఇన్ఫెక్షన్ చాలామందికి మందులతోనే లొంగుతుంది. వాల్వ్ మీద పేరుకున్న క్రిముల గడ్డల నుంచి ఊడిన ముక్కలు ఎక్కువగా ఊపిరితిత్తులకే వెళ్తాయి. కానీ గుండె గదుల మధ్య రంధ్రం మిగిలి ఉంటే మెదడుకీ చేరవచ్చు.

ఆపరేషన్‌తో ఇన్ఫెక్షన్ పట్టిన భాగాన్నే తీసేస్తారు. అయితే ఇదివరకే ఒకటి రెండుసార్లు తెరిచిన ఛాతీని మళ్లీ తెరవడం తేలిక కాదు, లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది. పైగా కొత్త వాల్వ్‌కీ ఇన్ఫెక్షన్ రావచ్చు.

నేనైతే మొదట మందులవైపే మొగ్గుతాను. వారం దాటినా రక్తంలో క్రిమి పోకపోయినా, వాల్వ్ మూసుకుపోతున్నా, కుడి గుండె నీరసిస్తున్నా ఇక ఆపరేషన్‌కి ఆలస్యం చేయకూడదు. ఇది పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు తెలిసిన సర్జన్, కార్డియాలజిస్ట్ కలిసి తేల్చాల్సిన విషయం.